ఈస్టరు తేదీ ఏటా ఎందుకు మారుతుంది?



మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక యౌవనస్థుడొకడు మా దగ్గరికి వచ్చాడు. "అయ్యగారూ, క్రిస్మసు ఎప్పుడూ డిసెంబరు 25నే. ఈస్టరు మాత్రం 2024లో మార్చి 31న, 2025లో ఏప్రిల్ 20న, 2026లో ఏప్రిల్ 5న. ప్రభువు లేచిన మాట నిజమైతే తేదీ ఒక్కటే ఉండాలి కదా అని పని దగ్గర స్నేహితులు అడిగారు. ఏం చెప్పాలో తెలియలేదు" అన్నాడు. ఆ బిడ్డ ముఖంలో వేళాకోళం లేదు, బెంగ ఉంది. "పెద్దలు అలా నిర్ణయించారు" అని పంపేయవచ్చు. పరిచర్య కొత్తలో మేము అలాగే చెప్పేవాళ్ళం. కానీ అది జవాబు కాదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా లేఖనం చూద్దాం. నాలుగు సువార్తలూ ప్రభువు మరణాన్ని పస్కా పండుగతో కలిపే చెబుతాయి. లేవీయకాండము 23వ అధ్యాయం ప్రకారం పస్కా మొదటి నెల 14వ దినమున వస్తుంది. యూదుల నెల నెలవంకతో మొదలవుతుంది గనుక 14వ దినమంటే పున్నమి వేళ. గెత్సేమనే తోటలో ప్రభువు మోకరించిన రాత్రి ఆకాశంలో నిండు చంద్రుడే ఉండి ఉంటాడు.

చంద్రుని లెక్కన పన్నెండు నెలలకు 354 రోజులు. సూర్యుని లెక్కన ఏడాదికి 365. ఏటా 11 రోజుల తేడా. దాన్ని అలాగే వదిలేస్తే పస్కా చలికాలంలోకి జారిపోతుంది. పస్కా వారంలో మొదటి పంట పనను దేవుని యెదుట అల్లాడించాలి గనుక అప్పటికి పొలంలో యవలు పండి ఉండాలి. అందుకే యూదులు అప్పుడప్పుడు ఒక నెల అదనంగా చేర్చేవారు. తరువాతి కాలంలో దాన్ని 19 ఏళ్ళకు ఏడు నెలలుగా స్థిరపరిచారు. మన ఊళ్ళో అధిక మాసం అంటారే, అదీ ఇలాంటి సర్దుబాటే. ఉగాది తేదీ మారడానికీ కారణం ఇదే.

ఇక సంఘ చరిత్రకు వద్దాం. ఆదిమ సంఘంలో రెండు వాడుకలు ఉండేవి. స్ముర్న, ఎఫెసు వంటి ఆసియా సంఘాలు ఏ వారమైనా సరే నీసాను 14నే పండుగ ఆచరించేవి. రోమా సంఘం, మరి అనేక సంఘాలు ప్రభువు ఆదివారం లేచాడు గనుక ఆదివారమే ఆచరించాలనేవి. సుమారు 155లో స్ముర్న బిషప్పు పాలీకార్పు ముసలితనంలో రోమా వెళ్ళి అక్కడి బిషప్పు అనిసీటస్‌తో ఈ సంగతి మాట్లాడాడు. అపొస్తలుడైన యోహానుతో కలిసి మేము ఇలాగే ఆచరించామని పాలీకార్పు, మా పెద్దల వాడుక మేము విడువలేమని అనిసీటస్. ఒకరినొకరు ఒప్పించలేకపోయారు. అయినా ఇద్దరూ కలిసి ప్రభురాత్రి భోజనం తీసుకున్నారు. రోమా సంఘంలో ఆ సంస్కారం జరిగించే గౌరవాన్ని అనిసీటస్ తన అతిథికి ఇచ్చాడు. సమాధానంతో విడిపోయారు.

సుమారు 190లో రోమా బిషప్పు విక్టరు ఆసియా సంఘాలను సహవాసం నుండి వెలివేయబోయాడు. అప్పుడు ఐరేనియస్ ఆయనకు ఉత్తరం రాసి, ఆ ఇద్దరు పెద్దలు ఎలా విడిపోయారో గుర్తుచేశాడు.

325లో నికయ మహాసభ, సంఘాలన్నీ ఒకే ఆదివారం పండుగ చేయాలని తీర్మానించింది. ఆ మీదట అలెగ్జాండ్రియా పండితుల లెక్క క్రమంగా స్థిరపడింది. మార్చి 21న గాని ఆ తరువాత గాని వచ్చే మొదటి పున్నమి, ఆ పున్నమి దాటాక వచ్చే ఆదివారం ఈస్టరు. 2025లో లెక్క ప్రకారం పున్నమి ఏప్రిల్ 13, ఆదివారమే. అందుకే ఈస్టరు మరుసటి ఆదివారం, ఏప్రిల్ 20న వచ్చింది. ఈ పున్నమిని ఆకాశం చూసి కాదు, సంఘం వేసుకున్న పట్టిక చూసి తీస్తారు. ఎంత తొందరగా వచ్చినా మార్చి 22, ఎంత ఆలస్యమైనా ఏప్రిల్ 25.

1582లో పోపు 13వ గ్రెగరీ పాత కేలండరులో పేరుకున్న తేడా సవరించడానికి పది రోజులు తీసివేశాడు. ఇంగ్లండు 1752 దాకా దాన్ని అంగీకరించలేదు. తూర్పు ఆర్థడాక్సు సంఘాలు చాలావరకు ఈస్టరుకు ఇప్పటికీ పాత లెక్కే వాడతాయి. 2024లో వారి పండుగ మే 5న వచ్చింది. నికయ సభకు 1700 ఏళ్ళు నిండిన 2025లో మాత్రం అందరికీ ఒకే రోజు వచ్చింది.

ఇప్పుడు ఆ తమ్ముడి ప్రశ్నకు వద్దాం. డిసెంబరు 25 అని లేఖనంలో లేదు. సిలువ, పునరుత్థానాల విషయంలో అయితే ఏ పండుగ దినాలో, ఏ వారమో లేఖనంలోనే ఉంది. మన నాయనమ్మలు "మాఘ పున్నమికి పుట్టాను" అంటారు. తారీకు చెప్పలేనంత మాత్రాన ఆమె పుట్టలేదంటామా? ఈస్టరు తేదీ మారేది ప్రభువు లేచిన సంగతి అనుమానం కావడం వల్ల కాదు. అది జరిగిన పస్కా కాలాన్నీ, ఆదివారాన్నీ సంఘం విడువకపోవడం వల్ల.

ఇంకొక్క మాట. మన ఊళ్ళోనే ఈస్టరు ఆచరించే విశ్వాసులున్నారు, ఆచరించని విశ్వాసులున్నారు. ఆ మాట మీద పలకరింపులు మానుకున్న ఇళ్ళు మాకు తెలుసు. రోమా పత్రిక 14వ అధ్యాయం మరోసారి చదువుకుందాం. పాలీకార్పు, అనిసీటస్‌లకు తేదీ కుదరలేదు, బల్ల కుదిరింది. మనకు తేదీ కుదిరింది గాని బల్ల దగ్గర ఎడముఖం పెడముఖం అయితే ఏం లాభం?

ఈసారి ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులతో సమాధుల దగ్గరికి వెళ్ళినప్పుడు, మబ్బు లేకపోతే తల ఎత్తి చూడండి. పున్నమి దాటి తరుగుతున్న చంద్రుడు కనబడతాడు. పిల్లలకు చూపించి, ఈ పండుగ ఎందుకు తేదీ మారుతుందో చెప్పండి. వెళ్ళే దారిలో మాట్లాడని ఇల్లు ఏదైనా ఉంటే, తలుపు తట్టి వారినీ పిలవండి.

లేచిన ప్రభువు మనలను ఏకమనస్సుతో నడిపించును గాక. ఆమేన్.