తెలంగా సిపాయి: కొలువు, కుటుంబము, జీతము

1857లో ఢిల్లీ ప్రజలు తమ నగరమున బ్రవేశించిన తిరుగుబాటు సిపాయిలను ‘తిలంగాలు’ అని పిలిచిరి. వారిలో పెక్కుమంది అవధ్ ప్రాంతమువారు, తెలుగుమాట యెరుగనివారు. 1756–57లో క్లైవు చెన్నపట్టణమునుండి వంగదేశమునకు గొనిపోయిన సిపాయిల మూలమున బుట్టిన యా పేరు, పిమ్మట ఇంగ్లీషు కవాతు నేర్చిన ప్రతి సిపాయికిని చెల్లినది. ఒక జాతి పేరు ఒక వృత్తికే పేరగుట సామాన్యము కాదు. అట్టి తెలుగువాడు ఆ శతాబ్ది ముగియకమునుపే యుద్ధమునకు బనికిరానివాడని యెట్లు తేల్చబడెను?

చెన్నపట్టణపు సైన్యములో తమిళులు, మహమ్మదీయులు కూడ విశేషముగ నుండిరి. ఆ సైన్యమునకొక ప్రత్యేకత కలదు. సిపాయి భార్యాబిడ్డలు పటాలము వెంటనే కాపురముండెడివారు. సిపాయిల కుమారులను చిన్ననాటనే ‘రిక్రూటు బాలురు’గ జేర్చుకొని కొలది జీతమిచ్చెడివారు. మనిషిని కొలువున నిలుపుటకు ఇంతకన్న మంచి యుపాయము వేరొండు లేదని నా తలంపు. తండ్రి పటాలమే కుమారునకు ఊరు, బడి, భుక్తి.

కాని జీతము? పందొమ్మిదవ శతాబ్దిలో చిరకాలము కాలిబంటు సిపాయికి నెలకు 7 రూపాయలే. 1895లో గాని అది 9 కాలేదు. ఈలోగా 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్ట, 1855 నాటికి కృష్ణ ఆనకట్ట పూర్తియయ్యెను. సర్కారు జిల్లాల రైతుబిడ్డకు పొలమే మేలైన కొలువయ్యెను. జీతము గదలక, పంట పెరిగినచోట యువకులు పటాలమునకు రాకున్న నది పిరికితనమా?

మా పెరియంపట్టి యున్న బారామహలు హైదరు, టిప్పుల కాలమున యుద్ధభూమి. 1792లో నిది కంపెనీవశమైనది. 1799లో టిప్పు పడిన పిదప దక్షిణమున పెద్ద యుద్ధములు సన్నగిల్లెను. 1881 మొదలు 1885 వరకు చెన్నపట్టణపు సేనాధిపతిగ నున్న రాబర్ట్సు ఈ శాంతినే దోషముగ నెంచెను. పూర్వపు శౌర్యము ఈ సిపాయిలలో నశించినదని 1897లో వెలువడిన తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. 1857లో 52గ నున్న పదాతి పటాలములు 1882లో 32కు దిగెను. ముందు తలుపు మూసి, పిమ్మట లోనికి రాలేదని నిందించుట వింత న్యాయము!

బెంగుళూరిలోని సాపర్ల దళము మాత్రము నిలిచినది. 1920లలో రద్దయిన మద్రాసు రెజిమెంటును రెండవ ప్రపంచయుద్ధావసరము 1942 నాటికి మరల నిలబెట్టినది. పశ్చిమగోదావరి ప్రాంతపు మాధవరము రెండు ప్రపంచయుద్ధములకును తన బిడ్డలను బంపెను. ఆ యూరిని జనులు నేటికిని ‘మిలిటరీ మాధవరం’ అనియే పిలుచుచున్నారు.