పన్నుకు తగిన రంగు – ఒక చిన్న చరిత్ర



మన వేములవాడలో నలుగురు విశ్రాంత ఉద్యోగులు కలిస్తే బి.పి., షుగరు తరువాత వచ్చే మాట పళ్ళ గురించే. మా చిన్నతనంలో ముందు పంటికి బంగారు తొడుగు ఉంటే అది కలిమికి గుర్తు. వేరుగా కనిపించడమే దాని గొప్ప. కట్టుడు పన్ను సొంత పన్నులో కలిసిపోవాలన్న కోరిక పింగాణీతో బలపడింది.

అమెరికా దంతవైద్యుడు చార్లెస్ లాండ్ 19వ శతాబ్దం చివర పింగాణీ తొడుగు తయారుచేశాడు. అది సులభంగా పగిలేది. 1962లో లోహంపై పింగాణీని కాల్చి అతికించే పద్ధతికి పేటెంట్లు లభించాక గట్టి క్యాపులు వచ్చాయి. అయితే లోపలి లోహపు నలుపును దాచడం కొత్త సమస్య అయింది.

రంగును కొలిచే ప్రయత్నమూ సాగింది. పంటి రంగును ఛాయ, వెలుగు, గాఢత అనే మూడు కొలతలతో చూడాలని 1931లో అమెరికాకు చెందిన బ్రూస్ క్లార్క్ వివరించాడు. 1956లో జర్మనీలోని విటా సంస్థ నమూనా పళ్ళ వరుసను తెచ్చింది. నేటికీ డాక్టర్లు చేతబట్టే ఎ, బి, సి, డి వర్గాల 16 రంగుల షేడ్ గైడ్ ఆ కోవలోదే. 1998లో అదే సంస్థ, ముందుగా వెలుగును ఎంచుకునే మరో గైడును ప్రవేశపెట్టింది.

ఆ 16 రంగుల్లో ఫ్లోరైడ్ గార పట్టిన పన్ను లేదు. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని 1937లోనే గుర్తించారు. మన తెలంగాణలోనూ ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవారు ఎందరో. అటువంటివారికి ఒకే రంగు క్యాపు వేస్తే అతుకు వేసినట్టుంటుంది. పక్క పంటి మచ్చలను, చారలను ల్యాబువారు పింగాణీపై దిద్ది కాల్చగలరు, ముందుగా అడగాలి.

చీరకు జాకెట్టు గుడ్డ కలిసిందో లేదో చూడటానికి దుకాణం గడప దాటి వెలుతురులోకి వస్తాం కదా! పంటికీ అదే న్యాయం. పగటి వెలుతురులో, పన్ను అరగదీయకముందే రంగు చూపించుకోవాలి. నోరు తెరిచి ఉంచగా ఆరిన పన్ను ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తుంది.

వయసుతో పళ్ళు పసుపుబారడం సహజం. మనుమలు ముచ్చటపడ్డారని తెల్లని క్యాపు ఎంచుకుంటే అదొక్కటే పరాయిదిగా మిగులుతుంది. క్యాపును బ్లీచింగుతో తెల్లబరచలేరు. కనుక అతికించకముందే అద్దంలో చూసుకుని, నచ్చకపోతే మొహమాటం లేకుండా చెప్పండి. ఇంత వయసులో ఎవరు చూస్తారనుకోవద్దు; నోటికి చేయి అడ్డం పెట్టుకోకుండా నవ్వే హక్కు పెన్షనరుకూ ఉంది.