తూనిస్ నగర ద్వారం వద్ద ఒక సలాం

ఏడో తరగతి పిల్లలకు మహమ్మద్ బిన్ తుగ్లక్ పాఠం చెప్పునప్పుడు ఇబ్నె బతూతా పేరు రాక తప్పదు. ఆయన ఢిల్లీలో ఖాజీగా పనిచేసెను, తాను చూసిన దేశాలను గూర్చి గొప్ప గ్రంథం చెప్పి రాయించెను, అని రెండు వాక్యాలు బోర్డు మీద రాసి ముందుకు పోవడం మా ఉపాధ్యాయుల అలవాటు. పోయిన ఏడాది ఒక పిల్లవాడు లేచి, "సార్, అంత దూరం ఒక్కడే వచ్చినాడా? భయం కాలేదా?" అని అడిగినాడు. దానికి జవాబు పాఠ్యపుస్తకంలో లేదు. ఆ జవాబు వెతుక్కుంటూ పోతే నేను తూనిస్ నగరం చేరినాను. కాళ్లతో కాదు, చదువుతో. మా గార్లదిన్నె నుండి గుత్తి, అనంతపురం దాటి పోవడమే పెద్ద ప్రయాణమనుకునే నాబోటి వానికి అదే చాలు.

తూనిస్ అనగా నేటి ట్యునీషియా దేశపు రాజధాని. ఆఫ్రికా ఖండానికి ఉత్తరపు అంచున, మధ్యధరా సముద్రానికి ఆనుకొని ఉన్న ఒక ఉప్పునీటి సరస్సు ఒడ్డున ఉన్నది. పక్కనే కార్తేజ్ శిథిలాలు కలవు. క్రీ.పూ. 146లో రోమనులు ఆ కార్తేజ్‌ను నేలమట్టం చేసి, తర్వాత తామే మళ్లీ కట్టుకున్నారు. క్రీ.శ. 698లో హస్సాన్ ఇబ్నె నూమాన్ నాయకత్వంలో అరబ్బులు కార్తేజ్‌ను గెలిచిన తర్వాత, దానికి బదులు తూనిస్ ఎదిగింది. సరస్సు నుండి సముద్రానికి కాలువ తవ్వి అక్కడ ఓడలు కట్టే కార్ఖానా పెట్టినారు. ఊరి నడుమ జైతూనా మసీదు వెలసింది. జైతూన్ అంటే ఆలివ్ చెట్టు అని మనకందరికీ తెలిసినదే. మసీదు చుట్టూ అత్తరు అంగళ్లు, పుస్తకాల అంగళ్లు, గుడ్డల బజార్లు, మదరసాలు పెరిగినవి. 1229 నుండి 1574 వరకు హఫ్సీ సుల్తానుల కాలంలో అది విద్యకు, వర్తకానికి పేరుమోసిన రాజధాని. 1979లో యునెస్కో వారు ఆ పాత నగరాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినారు.

మన కరువు సీమవాళ్లకు ఇంకొక సంగతి చెప్పవలె. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుందంటారు. తూనిస్‌లో అంతకన్నా తక్కువే, సుమారు 450. మరి అంత పెద్ద పట్టణం ఎట్లా బతికింది? రెండో శతాబ్దంలో రోమనులు జగ్వాన్ కొండల ఊటనీటిని సుమారు 130 కిలోమీటర్ల రాతి కాలువ ద్వారా కార్తేజ్‌కు తెచ్చినారు. అది పాడుబడిపోతే, 13వ శతాబ్దంలో హఫ్సీ సుల్తాన్ అల్ ముస్తన్సిర్ బాగుచేయించి, ఆ నీటిని తూనిస్‌కు కూడా మళ్లించెను. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు మన పెనకచెర్ల డ్యాముకు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూసే మనకు ఆ కాలువ విలువ ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు.

ఇక ఆ పిల్లవాని ప్రశ్నకు వస్తాను. ఇబ్నె బతూతా మొరాకో దేశంలోని తంజా పట్టణంవాడు. హిజ్రీ 725 రజబ్ నెల 2వ తేదీన, అనగా 1325 జూన్ 14న, హజ్‌యాత్రకు బయలుదేరినాడు. అప్పటికి ఆయన వయసు 21 ఏళ్లు. తల్లిదండ్రులు బతికే ఉన్నారు. తోడు మనిషి లేడు, కలిసి పోదామంటే బిడారు లేదు. దారిలో కొందరు కలిసినారు. బిజాయా పట్టణంలో జ్వరం పట్టుకుంది. ఇక్కడే ఆగి నయమైన తర్వాత పో నాయనా అని తోటివారు చెప్పినా వినలేదు. చావే రాసిపెట్టి ఉంటే హిజాజ్ వైపు ముఖం పెట్టి దారిలోనే చస్తానన్నాడు. నీరసంతో కింద పడిపోతానేమోనని తలపాగా గుడ్డతో తన్ను తాను జీనుకు కట్టుకొని సవారీ చేసినాడు.

ఆ స్థితిలో తూనిస్ చేరెను. తన జీవితంలో చూసిన మొదటి మహానగరం అదేనని చెప్పవచ్చును. బిడారు వచ్చిందని తెలిసి ఊరివాళ్లు ఎదురొచ్చినారు. వచ్చినవారిలో పెద్ద ఆలిములు ఉన్నారు, వాళ్ల కోసం జనం గుమిగూడినారు. ఒకరికొకరు సలాములు చేసుకున్నారు, కౌగిలించుకున్నారు, క్షేమసమాచారాలు అడుగుకున్నారు. ఈ పిల్లవాని దగ్గరికి మాత్రం ఎవ్వరూ రాలేదు. ఆ ఊర్లో వాని ముఖం ఎరిగినవాడు ఒక్కడూ లేడు కదా! ఆ క్షణంలో దుఃఖం ఆపుకోలేక ఏడ్చినానని, ముప్పై ఏళ్ల తర్వాత తన గ్రంథంలో ఆయనే సిగ్గుపడకుండా చెప్పుకున్నాడు. అది చూసి యాత్రికులలో ఒకాయన దగ్గరికి వచ్చి సలాం చెప్పి, ఊర్లోకి వెళ్లేదాకా మాటలతో ఓదారుస్తూ పక్కనే నడిచినాడు. తర్వాత పుస్తకాల వ్యాపారుల మదరసాలో ఆయనకు బస దొరికింది.

రంజాన్ పండుగ నమాజు తూనిస్‌లోనే చదివినాడు. సుల్తాను పరివారంతో ఈద్‌గాహ్‌కు వచ్చిన వైభవం కండ్లారా చూసినాడు. కొన్ని వారాలకు హిజాజ్ పోయే బిడారు తయారైనప్పుడు, ఆ బిడారుకు ఖాజీగా ఈయననే నియమించినారు. ఏడుస్తూ ఊర్లోకి వచ్చినవాడు, ఖాజీ అయి ఊరు దాటినాడు! 1333లో సింధునది దాటి, ఢిల్లీలో తుగ్లక్ కొలువులో ఏడాదికి 12,000 దీనారాల జీతం మీద ఖాజీ అయ్యెను. కాలికట్, మాల్దీవులు, మధుర చూసెను. వరంగల్ వైపు పోయిన తుగ్లక్ సైన్యాన్ని అంటువ్యాధి దెబ్బతీసిన సంగతి చెబుతూ మన దేశాన్ని తిలంగ్ అనే పేరుతో పేర్కొన్నాడు. మొత్తం మీద లక్ష కిలోమీటర్లకు పైగా తిరిగినాడని చరిత్రకారుల అంచనా.

1349లో తిరుగు ప్రయాణంలో మళ్లీ తూనిస్ వచ్చెను. అంతలో ప్లేగు మహమ్మారి ఆ తీరమంతా ఊడ్చిపెట్టింది. తండ్రి చనిపోయిన వార్త డమాస్కస్‌లోనే తెలిసింది. తల్లి కూడా ప్లేగుతో పోయిందని ఇల్లు చేరకముందే దారిలో విన్నాడు. అదే తూనిస్‌లో 17 ఏళ్ల బాలుడొకడు ఆ ప్లేగులోనే తల్లిదండ్రులను, గురువులను పోగొట్టుకున్నాడు. అతడే తర్వాత కాలంలో చరిత్ర శాస్త్రానికి పునాది వేసిన ఇబ్నె ఖల్దూన్. 1332లో తూనిస్‌లోనే పుట్టినవాడు.

ఈ ఇబ్నె ఖల్దూన్ తన ముఖద్దమాలో ఒక ముచ్చట చెప్పినాడు. ఇబ్నె బతూతా ఢిల్లీ సుల్తాను దానధర్మాల గురించి చెబుతుంటే ఫెస్ దర్బారులో చాలామంది నమ్మలేదట. ఇబ్నె ఖల్దూన్‌కూ అనుమానమే. అప్పుడు ఒక వజీరు ఈ కథ చెప్పి హెచ్చరించినాడట. ఖైదులో పెరిగిన పిల్లవాడొకడు తండ్రిని మాంసం ఏ జంతువుదని అడిగితే, తండ్రి గొర్రె ఇట్లుంటుందని వర్ణించినాడు. "అయితే ఎలుక లాగానా?" అన్నాడట పిల్లవాడు. వాడు పుట్టినప్పటి నుండి ఎలుకలను తప్ప వేరే జంతువును చూడలేదు మరి! మనం చూడనిది లేదనుకోవడం అట్లాంటిదే. పొరుగూరి సంగతి కూడా తెలుసుకోకుండా తీర్పులు చెప్పే మనకు ఈ ఎలుక కథ బాగా వర్తిస్తుంది.

తూనిస్ నేర్చుకున్న సంగతి మరొకటి. 1609 నుండి స్పెయిన్‌లో ముస్లిం సంతతివారిని వెళ్లగొట్టినప్పుడు వేలాది మంది తూనిస్ చేరినారు. పాలకుడు ఉస్మాన్ దే వారికి చోటిచ్చెను. వాళ్లు ఊరికే కూర్చోలేదు. సేద్యం, ఎర్రటి ఉన్ని టోపీల పని తెచ్చి ఆ దేశాన్ని సంపన్నం చేసినారు. కొత్తగా వచ్చినవాడు భారం కాడని తూనిస్ చరిత్ర చెబుతున్నది.

ఇంతవరకు చదివిన పెద్దలకు ఒక తప్పు ఒప్పుకోవలసి ఉంది. రెండేళ్ల కింద ఇటుకల బట్టీ పనికి వచ్చిన ఒక కుటుంబపు పిల్లవాడు, ఏడాది మధ్యలో నా తరగతిలో చేరినాడు. నాలుగు రోజులు ఆఖరు వరుసలో గోడకానుకొని కూర్చున్నాడు. తోటి పిల్లలు మాట్లాడలేదు. హాజరు పిలిచినప్పుడు తప్ప నేనూ పలకరించలేదు. పరీక్షల పనిలో ఉన్నానని నాకు నేను చెప్పుకున్నాను. అయిదో రోజు రాలేదు. విచారిస్తే, వాళ్లు పని దొరికే మరో ఊరికి వెళ్లిపోయినారన్నారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు. ఇబ్నె బతూతా ఏడ్చిన చోటు చదివినప్పుడు నాకు కనిపించింది తూనిస్ నగర ద్వారం కాదు, నా తరగతి ఆఖరు వరుస. ఆ తంజా పిల్లవానికి సలాం చెప్పిన యాత్రికుని పేరు ఏమిటో గ్రంథంలో లేదు. అయినా ఏడువందల ఏండ్లుగా ఆయన చేసిన మేలును లోకం చదువుతూనే ఉన్నది.

మన ఇళ్ల పిల్లలు కూడా బెంగుళూరుకు బేల్దారి పనికి, కువైట్‌కు డ్రైవరు పనికి పోతున్నారు. పరాయి ఊర్లో బస్సు దిగినప్పుడు ఎవరైనా వాళ్లను పలకరించాలని ప్రతి తల్లీ దుఆ చేస్తుంది. ఆ దుఆ మన ఊర్లో ఎవరో ఒక తల్లి పిల్లవాని విషయంలో మన చేతుల మీదుగా నెరవేరవలసి ఉంటుంది. కనుక సంఘ సభ్యులకు నా మనవి ఒక్కటే. జుమ్మా నమాజు అయిన తర్వాత ఆఖరు వరుస వైపు ఒకసారి చూడండి. కొత్త ముఖం కనబడితే, ఏ మతం వాడైనా సరే మన వీధిలో కొత్తవాడు కనబడితే, పేరు, ఊరు అడగండి, ఇంత టీ ఇప్పించండి. దానికి చందా అక్కరలేదు, రసీదు పుస్తకమూ అక్కరలేదు.

నా తరగతిలో మాత్రం ఈ ఏడాది నుండి ఒక నియమం పెట్టినాను. కొత్త పిల్లవాడు వస్తే మొదటి వరుసలో కూర్చుంటాడు, మొదటి సలాం మాస్టరే చెప్తాడు.