పోరు వేళ నాయకుడు: పెముల్వుయ్ నుంచి కర్టిన్ దాకా

1790 డిసెంబరులో బ్రిటిష్ వలస గవర్నర్ ఫిలిప్ దగ్గరి వేటగాడు మెకింటైర్‌ను ఈటెతో పొడిచిన పెముల్వుయ్‌ని ఎవరూ ఓట్లేసి నాయకుణ్ని చేయలేదు. ఆస్ట్రేలియాలో సిడ్నీ ప్రాంతపు బిజిగల్ తెగవాడాయన. 1797లో పారమట్టా పట్టణం మీదికి ఆయన దండు నడిపించాడు. తుపాకీ దెబ్బలు తిని పట్టుబడినా, కాలి సంకెళ్లతోనే తప్పించుకున్నాడు. 1802లో ఆయన్ను చంపాక కొడుకు టెడ్‌బరీ పోరు సాగించాడు. తెగింపే అక్కడ నాయకత్వానికి అర్హత.

బల్లారట్ బంగారు గనుల కథ వేరు. తవ్వుకునేవాళ్లు బంగారం దొరికినా దొరక్కపోయినా నెలకు 30 షిల్లింగుల లైసెన్సు రుసుము కట్టాలి. 1854 నవంబరులో వాళ్లు సంస్కరణ సంఘం పెట్టుకున్నారు. దాన్ని నడిపిన హంఫ్రీ వేల్స్ దేశస్థుడు, శాంతిమార్గాన్ని నమ్మినవాడు. గవర్నర్ హోథమ్ వాళ్ల కోర్కెలు తీర్చలేదు. నవంబరు 30 ఉదయం సైనికులు బాయ్‌నెట్లతో లైసెన్సుల తనిఖీకి దిగారు. జనం చేతికందిన ఆయుధాలతో బేకరీ హిల్‌కు పరుగెత్తారు. ముందుకొచ్చే నాయకుడు లేడు. అప్పుడు 27 ఏళ్ల ఐరిష్ యువకుడు పీటర్ లాలర్ ఓ చెట్టు మొద్దెక్కాడు. ఆయుధాలను బట్టి జట్లుగా విడిపొమ్మన్నాడు, ఏ జట్టు కెప్టెన్‌ను ఆ జట్టే ఎన్నుకోమన్నాడు. తర్వాత తనకు యుద్ధవిద్య తెలియదని ఆయనే చెప్పినా, ముఖ్యులంతా ఆయన్నే సేనాపతిని చేశారు. గందరగోళంలో క్రమం తెచ్చినవాణ్ని వాళ్లు నమ్మారు. ఆ నమ్మకం సహజమే, కానీ నేర్పులేమికి ప్రాణాలతో మూల్యం చెల్లించాల్సి వచ్చింది. డిసెంబరు 3 తెల్లవారుజామున వాళ్లు కట్టుకున్న యురేకా కోట పావుగంటలోనే కూలింది. కనీసం 22 మంది తవ్వుకునేవాళ్లు చనిపోయారు, లాలర్ ఎడమ చేయి పోయింది.

రాజద్రోహ నేరం మోపిన 13 మందినీ జ్యూరీలు నిర్దోషులుగా వదిలేశాయి. 1855లో బల్లారట్ జనం లాలర్‌తో పాటు హంఫ్రీని కూడా శాసనమండలికి పంపారు. కయ్యం ముగిశాక మాటల మనిషిని మరిచిపోని ఆ విజ్ఞత నాకెంతో నచ్చుతుంది. లాలర్ మాత్రం మరుసటి ఏడాదే ఆస్తిపరులకు అదనపు ఓట్లను సమర్థించి, తనను నమ్మినవాళ్లకు కోపం తెప్పించాడు. 1873లో క్లూన్స్‌లో సమ్మె జరిగినప్పుడు ఆయన గని యజమానుల పక్షాన నిలబడ్డాడు.

1941 నాటికి నాయకుడి ఎంపిక పార్లమెంటు చేతికొచ్చింది. సొంతవాళ్ల మద్దతు పోయి ప్రధాని మెన్జీస్ ఆగస్టులో తప్పుకున్నాడు. అక్టోబరులో ఇద్దరు స్వతంత్ర సభ్యులు పక్షం మారడంతో జాన్ కర్టిన్ ప్రధాని అయ్యాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో నిర్బంధ సైనిక సేవను ఎదిరించి జైలుకెళ్లిన మనిషి ఆయన! రెండు నెలలకే జపాన్‌తో యుద్ధం మొదలైంది. బర్మాకు మళ్లించమని చర్చిల్ పట్టుబట్టినా వినకుండా, ఏడో డివిజన్‌ను ఆయన స్వదేశానికి రప్పించాడు. యుద్ధం ఇంకా సాగుతుండగానే, 1943 ఆగస్టులో, ఓటర్లు 74 స్థానాల్లో 49 ఆయన లేబర్ పార్టీకి కట్టబెట్టారు.