కటకం, కడియం

ప్రకృతి వికృతుల పట్టికలో పెద్దగా ఎవరూ ఆగి చూడని ఒక జంట ఉంది: కటకము, కడియము. సంస్కృతంలో కటకం అంటే చేతి నగ. ప్రాకృతం వాళ్ల నోట అచ్చుల నడుమ ఉన్న ట డ అయింది, చివరి క జారిపోయింది. ఘోటకం హిందీలో ఘోడా అయిన దారిలోనే కటకం అక్కడ కడా అయింది, మన దగ్గర కడియం అయింది. అయితే ఆ తత్సమ రూపం చెడకుండా ఇంకో చోట నిలబడి ఉంది. భౌతికశాస్త్రం పాఠంలో కటకం అంటే లెన్సు. కుంభాకార కటకం, పుటాకార కటకం, కటక నాభ్యంతరం. ఆ లెక్కన నా కెమెరాకు ఎప్పుడూ తగిలించి ఉండే యాభై మిల్లీమీటర్ల లెన్సు, పూలమ్మే ఆవిడ ముంజేతి వెండి కడియం మాట వరకు ఒక తల్లి బిడ్డలు. నేను ఆ లెన్సుతో ఎక్కువగా తిరిగేది రాజమండ్రి పక్కనున్న కడియం, కడియపులంకల్లో. ఊరి పేరూ అదే కావడంతో ఈ మాట నాకు పట్టుకుంది.

పరీక్ష కాగితం దాటి బయట కటకం అనే మాట వినపడదు. గోదావరి జిల్లాల్లో లెన్సు అంటే పెద్దవాళ్లకు ముందు గుర్తొచ్చేది కంటి ఆపరేషన్. శుక్లం తీసి లోపల లెన్సు వేశారంటారు. ఫొటోలు తీసేవాళ్లు నా చేతిలో ఉన్నదాన్ని ‘ఫిఫ్టీ’ అంటారు. ‘ఫిఫ్టీ పెట్టు, ఓపెన్‌లో తియ్యి, వెనకాల బ్లర్ వచ్చేస్తుంది’ అనేది పెళ్లి పందిళ్లలో రోజూ వినిపించే మాట. దాన్ని మార్చి అందరిచేతా కటకం అనిపించాలని నా కోరిక కాదు. కానీ పాఠ్యపుస్తకాల మాటలు కృతకమైనవనీ, పలకలేమనీ మనం తేలిగ్గా తోసేస్తుంటాం. ఈ ఒక్క మాట విషయంలో ఆ తోసివేత అన్యాయం. ఇది ఈ నేలమీద వెయ్యేళ్లకు పైగా తిరిగిన మాట.

అమరకోశం కటకానికి కొండ నడుమునూ చెబుతుంది, చేతి వలయాన్నీ చెబుతుంది. సేన విడిది చేసిన చోటు కూడా కటకమే. మూడింటిలోనూ ఉన్నది ఒకటే, చుట్టూ తిరిగి వచ్చిన ఒక గీత. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల తామ్రశాసనాల్లో కటకరాజు అనే అధికారి కనిపిస్తాడు. రాజు ఇచ్చిన దానాన్ని అమలు చేయించే ఆజ్ఞప్తిగా అతని పేరు చాలా శాసనాల చివర ఉంటుంది, ముఖ్యంగా పదో శతాబ్దంలో రెండో అమ్మరాజు కాలం నాటి వాటిలో. ఏలూరు పక్కన పెదవేగి నుంచి ఏలిన ఆ వంశమే తరవాత రాజమహేంద్రవరానికి వచ్చింది. రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ భారతం మొదలుపెట్టేనాటికి కటకం ఈ రాజ్యపు కార్యాలయ భాషలో నలిగిన మాట. ఇంకో నాలుగొందల ఏళ్లకు రాజమండ్రి గజపతుల చేతికి వెళ్లింది. అప్పుడు కటకం అంటే ఏలికల రాజధాని, ఇప్పుడు మనం కటక్ అంటున్న ఊరు. విడిది కాస్తా కోటయింది, కోట ఊరయింది, ఊరి పేరు మిగిలింది. కటకం అన్న ఇంటిపేరు మన మధ్య ఇప్పటికీ ఉంది.

అలాంటి మాట గాజుబిళ్లకు ఎలా వచ్చింది? యూరప్ వాళ్లు ఆ గాజును చూసి పప్పుగింజ అనుకున్నారు. లాటిన్‌లో లెన్స్ అంటే మసూరు గింజ, మనం ఎర్రపప్పు చేసుకునేది. రెండు వైపులా ఉబ్బి అంచుల్లో సన్నబడే ఆ గింజ రూపం వాళ్ల కంట పడింది, పేరు అక్కడే స్థిరపడింది. వాళ్లు చూసింది గాజు పొట్టను. కటకం అన్నప్పుడు మన మనసులో పడేది పొట్ట కాదు, దాని చుట్టూ ఉన్న కట్టు. లెన్సు చేత్తో పట్టుకున్నవాళ్లకు ఈ రెండో చూపే నిజమని వెంటనే తెలుస్తుంది. గాజును ఎవరూ ముట్టుకోరు, వేలిముద్ర పడితే ప్రాణం విలవిల్లాడుతుంది. వేళ్లు ఉండేది ఎప్పుడూ వలయం మీదే. బిగించే చోట లోహపు వలయం, ఫోకస్ తిప్పే గరుకు వలయం, పాత లెన్సుల్లో ఎపర్చర్ అంకెలు చెక్కిన వలయం, ముందు ఫిల్టర్ బిగించే మరల వలయం. తీసి విప్పితే లోపలా గాజుల్ని పట్టుకుని ఉన్నవి వలయాలే. ఇన్ని కడియాలు ఒకదాని వెనక ఒకటి పేర్చిన గొట్టం అది.

ఫోకస్‌కు మనం నాభి అన్నాం. 1604లో కెప్లర్ ఆ బిందువుకు లాటిన్‌లో పొయ్యి అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. కిరణాలు కూడిన చోట కాగితం అంటుకుంటుంది కనుక అది సరైన పేరే. మన నాభి బొడ్డు, బండిచక్రం నడిమి భాగం. చుట్టూ కటకం, నడుమ నాభి. ఈ రెండు మాటల్ని పక్కపక్కన పెట్టినవాళ్లు ఎవరైనా సరే, వాళ్ల చేతిలో ఒక చక్రం పూర్తయింది. నాభ్యంతరం అన్న సమాసం పదో తరగతి పిల్లలకు నోరు తిరగదన్నది నిజం. అయినా కడియంతో కలిపి చెబితే పిల్లవాడికి బొమ్మ కళ్ల ముందుకు వస్తుందని నా నమ్మకం.

నా ఫిఫ్టీ సంగతికి వస్తాను. దాని ఎపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే ద్వారం, ఎఫ్/1.8. ఈ అంకె చాలామందిని తికమక పెడుతుంది, చిన్న అంకెకు పెద్ద ద్వారం ఏమిటని. అది భిన్నం. నాభ్యంతరాన్ని ద్వారపు వెడల్పుతో భాగిస్తే వచ్చేది. యాభైని 1.8తో భాగిస్తే ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పున్న ద్వారం. కెమెరాతో కలిపి అమ్మే జూమ్ లెన్సును యాభై దగ్గర పెడితే సాధారణంగా ఎఫ్/5.6 దాటి తెరుచుకోదు. అంటే ద్వారం తొమ్మిది మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. వైశాల్యం వెడల్పు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఫిఫ్టీ లోపలికి దాదాపు పది రెట్ల వెలుతురు వస్తుంది. ఇంగ్లీషులో దీన్ని వేగమున్న లెన్సు అంటారు. ఇందులో పరుగెత్తేది ఏదీ లేదు. వెలుతురు ఎక్కువ వచ్చింది కాబట్టి షట్టర్ త్వరగా మూసుకోగలదు, ఆ త్వర పేరు లెన్సుకు వచ్చింది. ‘వేగమైన కటకం’ అంటే తెలుగులో ఏ బొమ్మా కట్టదు. కడియం పెద్దది అనండి, చాలు. ఎంత పెద్దదో మిల్లీమీటర్లలో చెప్పొచ్చు కూడా.

ఆ పది రెట్ల విలువ కడియపులంక పూల మార్కెట్‌లో తెలుస్తుంది. తెల్లారకముందే బేరాలు మొదలవుతాయి. పైన బల్బులు, వాటి కింద బంతి, చేమంతి, లిల్లీ గుట్టలు, కనకాంబరాల తట్టలు. కంటికి బాగానే వెలుగున్నట్టుంటుంది, కెమెరాకు మాత్రం చీకటి. ఐఎస్‌ఓ 1600 దగ్గర, ఎఫ్/1.8లో సెకనులో నూట ఇరవై ఐదో వంతు దొరుకుతుంది. అదే జూమ్ లెన్సుతో అయితే పదమూడో వంతుకు దిగాలి. పదమూడో వంతులో తట్ట దిగుతుంది, పువ్వు దిగుతుంది, పువ్వు కట్టే వేళ్లు దిగవు. అవి ఆగవు కదా.

నాకు కావలసింది ఆ వేళ్లే. అడిగితే దండలు కట్టే ఒకావిడ, ‘మొకం వద్దు బాబూ, చేతులు తీసుకోండి’ అంది. అరటినార ఎడమ చేతిలో బిగించి, కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కలిపి తొడిమను అందుకుంటుంది. ఉంగరపు వేలూ చిటికెన వేలూ పైకి లేచి ఉంటాయి. కూచిపూడి నేర్చుకున్న ఏ ఆడపిల్లనైనా ఆ ఫొటో చూపించి అడగండి, కటకాముఖం అని చెబుతుంది. నందికేశ్వరుడి అభినయదర్పణంలోని ఏకహస్తాల్లో అదొకటి. పేరుకు అర్థం కడియపు నోరు. మూడు వేళ్లూ కలిసి చిన్న వలయం కడతాయి, అందుకా పేరు. దాని వినియోగాల్లో మొదటిది పూలు కోయడం. తరవాత ముత్యాల దండ పట్టుకోవడం, వింటినారి లాగడం, తాంబూలం అందించడం. చివరి వాటిలో రెండు నన్ను కదలనివ్వలేదు: మాట, చూపు. చూపును చేత్తో చెప్పవలసి వస్తే పట్టే ముద్ర కటకాముఖం. లెన్సుకు కటకమని పేరు పెట్టినవారికి ఈ సంగతి తెలిసే పెట్టారా అన్న ప్రశ్న నాకు అంత ముఖ్యం కాదు. వలయానికీ చూపుకూ ఉన్న చుట్టరికం నాట్యం ఏనాడో గుర్తించింది. ఆవిడ పువ్వు పట్టుకున్న వేళ్లు ఎలా ఉన్నాయో, ఆవిడ ఎదురుగా వంగి ఫోకస్ వలయం తిప్పుతున్న నా ఎడమచేతి మూడు వేళ్లూ అలాగే ఉన్నాయి.

ఆ వలయాన్ని ఎంత మెల్లగా తిప్పాలో చెప్పాలి. పాత ఫిల్మంత సెన్సర్ ఉన్న కెమెరాలో, అర మీటరు దూరాన ఎఫ్/1.8 దగ్గర స్ఫుటంగా పడేది ఒక సెంటీమీటరు మందం మాత్రమే. చూపుడువేలి గోరు మీద పడితే బొటనవేలు మసకబారుతుంది. రెండు మీటర్ల దూరానికి వెనక్కి జరిగితే పదిహేడు సెంటీమీటర్లు దొరుకుతుంది, కానీ అప్పటికి వేళ్లు చిన్నవైపోతాయి. పెద్ద కడియం వెలుతురును ఇస్తూ లోతును తీసుకుంటుంది. ఈ మసకను పెళ్లి ఫొటోల్లో అలంకారంగా వాడుతున్నారు. ప్రతి ముఖం వెనకా ఊరు చెరిగిపోతోంది. నాకది నచ్చదు. పూలమ్మే మనిషి వెనక పూల మార్కెట్ పోతే ఆవిడ ఎవరైనా కావచ్చు. అందుకే వెలుతురు ఉన్నంతసేపూ ఎఫ్/4కు తగ్గిస్తాను, చీకట్లోనే పూర్తిగా తెరుస్తాను.

ఈ లెన్సు జూమ్ కాదు. దగ్గరా దూరమూ మన కాళ్లే చూసుకోవాలి. డెల్టాలో ఇది నిజమైన చిక్కు. కాలవ గట్టు మీద నిలబడి ఎదుటి ఇంటిని మొత్తం పట్టాలని వెనక్కి అడుగు వేస్తే వెనక నీళ్లు. కోనసీమ కొబ్బరితోటల్లో వెనక్కి జరిగిన ప్రతిసారీ ఒక మాను అడ్డం వస్తుంది. అయినా యాభైకి స్టాండర్డ్ అనే పేరు ఊరికే రాలేదు. ఫిల్మ్ చట్రం అడ్డం ముప్పై ఆరు, నిలువు ఇరవై నాలుగు మిల్లీమీటర్లు, మూల నుంచి మూలకు నలభై మూడు. ఆ కొలతకు దగ్గరున్న నాభ్యంతరంతో తీస్తే దగ్గరి వస్తువు ఉబ్బదు, దూరపు వస్తువు మీదికి రాదు. 1925లో లైకా కెమెరా మార్కెట్లోకి వచ్చింది యాభైతోనే, అప్పుడు దాని ద్వారం ఎఫ్/3.5. నా దానిలోకి దానికి దాదాపు నాలుగు రెట్ల వెలుతురు వస్తుంది. కానీ నా లెన్సులో గాజుల అమరిక లైకా కన్నా పాతది. 1896లో జైస్ కంపెనీలో పాల్ రుడోల్ఫ్ చేసిన ప్లానార్ వంశం అది. నడుమ ద్వారం, దానికి అటూ ఇటూ అద్దంలో నీడల్లా ఎదురెదురుగా గాజులు. ఒకవైపు గాజు చేసిన తప్పును రెండోవైపు గాజు సరిదిద్దుతుంది. చవక ఫిఫ్టీలు ఇంత బాగుండడానికి కారణం ఆ పాత అమరికే.

కార్తీకంలో రాజమండ్రి రేవుల్లో ఈ లెన్సు పని వేరు. పుష్కరాల రేవులో, కోటిలింగాల రేవులో అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. దీపం వెలుగులోనే ముఖం తీయడం ఎఫ్/1.8కు అందుతుంది, కాస్త ఓపిక పట్టాలి. 1975లో వచ్చిన ‘బారీ లిండన్’ సినిమాలో దర్శకుడు కుబ్రిక్ కొవ్వొత్తుల గదుల్ని తీయడానికి ఎఫ్/0.7 జైస్ లెన్సు వాడాడు, అదీ యాభై మిల్లీమీటర్లదే. ద్వారం వెడల్పు డెబ్భై ఒక మిల్లీమీటర్లు, పెద్దవాళ్ల చేతికి వదులయ్యేంత కడియం.

నీళ్ల మీద దూరంగా పోయిన దీపాలు ఫోకస్ తప్పి వెలుగు బిళ్లలవుతాయి. ఆ బిళ్ల ఆకారం ఎక్కడిది? అది ద్వారం ఆకారం. పూర్తిగా తెరిచినప్పుడు ద్వారాన్ని చిన్నది చేసే లోపలి రేకులన్నీ పక్కకు తప్పుకుంటాయి, గుండ్రని అంచు ఒక్కటే మిగులుతుంది. ప్రతి దీపం నీటి మీద ఒక్కో చిన్న కటకంగా పడుతుంది. ఎఫ్/4కు తగ్గిస్తే రేకులు లోపలికి వస్తాయి. ఐదు రేకులున్న పాత రకంలో బిళ్లలు పంచభుజాలవుతాయి, ఏడు రేకుల రకంలో సప్తభుజాలు. అంటే నా లెన్సు తన పేరుకు పూర్తిగా న్యాయం చేసేది ఎఫ్/1.8 దగ్గర, అదీ ఫొటో నడుమనే. చట్రం మూలలకు వెళ్లేకొద్దీ బిళ్లలు గుండ్రం తప్పి కోలగా అవుతాయి. ఏటవాలుగా వచ్చే వెలుతురుకు గొట్టం ముందు అంచు ఒక కడియం, వెనక అంచు ఇంకో కడియం. ఒకటి కొంచెం పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది, రెండింటికీ ఉమ్మడిగా మిగిలిన భాగంలోంచే వెలుతురు వస్తుంది. రెండు వలయాలు అలా ఒకదాని మీదికి ఒకటి జరిగితే మిగిలేది రెండు వైపులా ఉబ్బి కొసల్లో సన్నబడే ఆకారం, పక్కనుంచి చూసిన మసూరు గింజ. లాటిన్ వాళ్ల పేరూ మన పేరూ ఒకే ఫొటోలో, ఒకటి మూలన, ఒకటి నడుమ.