కంటి సాక్ష్యం నుంచి యంత్ర సాక్ష్యానికి: జఠర విద్యుల్లేఖన తొలి చరిత్ర

పొట్టమీది చర్మానికి ఎలక్ట్రోడ్లు అమర్చి జఠరపు విద్యుత్ స్పందనను నమోదుచేసే పద్ధతిని ఎలక్ట్రోగాస్ట్రోగ్రఫీ అంటారు. శరీరంలోకి గొట్టంగాని సూదిగాని పంపనవసరం లేని ఈ పద్ధతి 1921లోనే ఆరంభమైనా, సుమారు అర్ధశతాబ్దం మరుగున పడింది. సరైన యాంప్లిఫయర్లు లేకపోవడమే ఇందుకు కారణమని చెప్పడం పరిపాటి. అది సగం నిజమే.

శాన్‌ఫ్రాన్సిస్కోలో వాల్టర్ ఆల్వరెజ్ ఎన్నుకున్న రోగి ఒక వృద్ధురాలు. ఆమె పొట్ట గోడ ఎంత పలచనిదంటే, జఠరపు అలలు చర్మం మీదనే కనిపించేవి. నిమిషానికి మూడుసార్లు అల కదలడం, అదే లయలో గాల్వనోమీటరు ఊగడం ఆయన ఏకకాలంలో చూశారు. 1922లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఆ ఫలితాన్ని ప్రకటించారు. (భౌతికశాస్త్రంలో 1968 నోబెల్ గ్రహీత లూయీ ఆల్వరెజ్ ఈయన కుమారుడే.) 1926లో టంపీర్ అనే శిశువైద్యుడు పరీక్షించింది జఠర నిర్గమద్వారం ఇరుకైన అయిదువారాల పసికందును. అటువంటి శిశువుల పొట్టపై అలలు కంటికి కనిపించడం వైద్యులకు తెలిసిన లక్షణమే.

ఈ రెండు ఉదంతాల పోలిక కాకతాళీయం కాదని నా అభిప్రాయం. చర్మంపై దొరికే సంకేతం మైక్రోవోల్టులలో ఉంటుంది. గుండె, శ్వాస, శరీరపు కదలికలు దానిలో కలిసిపోతాయి. గీత జఠరానిదేనని కన్ను చెప్పగలిగినచోట మాత్రమే వారు దానిని నమ్మగలిగారు. సాధారణ రోగిలో ఆ సాక్షి లేడు.

1957లో మనోశరీరశాస్త్రజ్ఞుడు ఆర్. సి. డేవిస్ ఈ ప్రశ్నను తిరిగి లేవనెత్తారు. 1961లో ఆయన మరణించడంతో కృషి సగంలో ఆగింది. 1970లలో కంప్యూటరు ద్వారా పౌనఃపున్య విశ్లేషణ వచ్చాక, కలగలిసిన సంకేతాలలోంచి నిమిషానికి మూడు ఆవర్తనాల లయను వేరుచేయడం సాధ్యమైంది.

అయితే అసలు చిక్కు అప్పుడే బయటపడింది. కహాల్ కణాలనుంచి పుట్టే మందగతి తరంగం జఠరం సంకోచించకున్నా సాగుతూనే ఉంటుంది. అంటే వృద్ధురాలి పొట్టపై కంటికి కనిపించినది సంకోచం. గాల్వనోమీటరు పట్టుకున్నదానిలో ప్రధానాంశం దానికి తాళం వేసే లయ. రెండూ ఒకటేనన్న భ్రమకు కంటి సాక్ష్యమే కారణమైంది. సంకోచం జరిగినప్పుడు సంకేతపు ఎత్తు పెరుగుతుందని 1980లో నెదర్లాండ్స్‌లో స్మౌట్ బృందం చూపింది. కాని జఠరం నిండి ఎలక్ట్రోడ్లకు చేరువైనా ఆ ఎత్తు పెరుగుతుంది. అందుకే నేటికీ వైద్యులు లయను నమ్మినంతగా ఎత్తును నమ్మరు.