కృష్ణదేవరాయల నాటి మెనూలో మిరపకాయ లేదు

ఇవాళ టాపిక్ మన ఇళ్లలో రోజూ వినపడే మాటే. "వేడి చేసింది." కళ్లు మండితే వేడి చేసింది. నోరు పూస్తే వేడి చేసింది. మామిడిపళ్లు రెండు ఎక్కువ తిని సెగ్గడ్డ లేస్తే, అదీ వేడే. థర్మామీటర్ పెడితే జ్వరం మాత్రం ఉండదు. మరి ఆ వేడి ఎక్కడుంది?

ఈ లెక్క మన ఒక్కళ్లదే కాదు. చైనా సంప్రదాయ వైద్యంలో కూడా తిండిని వేడిది, వెచ్చనిది, సమానమైనది, చల్లనిది, బాగా చల్లనిది అని విడగొడతారు. పొయ్యి మీది వేడి గురించి కాదు, తిన్నాక ఒంట్లో అది చేసే పని గురించి. వాళ్లకి హువాంగ్ దీ నెయ్ జింగ్ అని సుమారు రెండు వేల ఏళ్ల నాటి గ్రంథం ఉంది. అందులో చక్రవర్తి ఒక ప్రశ్న అడుగుతాడు: ఒకే జబ్బుకి ఒక్కో చోట ఒక్కో వైద్యం ఎందుకు చేస్తున్నారు? నేల వేరు, గాలి వేరు, తిండి వేరు కాబట్టి, అంటాడు వైద్యుడు. తూర్పున సముద్రం పక్కన ఉండేవాళ్లు చేపలు, ఉప్పు తింటారు, చేప లోపల వేడి పుట్టిస్తుంది, అందుకే వాళ్లకి గడ్డలు, పుళ్లు ఎక్కువ. దక్షిణాన వేడి, తేమ. అక్కడివాళ్లకి పులుపు, పులియబెట్టినవి ఇష్టం. ఇప్పుడు మన చీరాల చూడండి. తూర్పున సముద్రం, కాస్త దూరంలో చినగంజాం ఉప్పు కొఠార్లు, ఇంట్లో చేపల పులుసు, గోంగూర. మన అడ్రస్ ఎవరిచ్చారో వాళ్లకి!

మన వైపు చరక సంహితలో కూడా ఋతువుని బట్టి తిండి మీద ఒక అధ్యాయమే ఉంది. చలికాలంలో జఠరాగ్ని గట్టిగా ఉంటుంది, బరువైన తిండి అరుగుతుంది. ఎండాకాలంలో తీపి, చలవ చేసేవి, పలచనివి తీసుకోవాలి, ఉప్పు, పులుపు, కారం తగ్గించాలి. సరే, ఇది శాస్త్రం. నిజంగా తెలుగువాళ్లు ఏం తిన్నారు అనేదే నాకు ఇంట్రెస్టింగ్.

దానికి బెస్ట్ సాక్షి మన ప్రాంతాన్ని గెలిచిన రాజే. 1515లో కొండవీటి కోటని పట్టుకున్న శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాశాడు. అందులో విష్ణుచిత్తుడు విల్లిపుత్తూరులో వచ్చిన అతిథులకి అన్నం పెడతాడు. ఏం పెట్టాడో సీజన్ల వారీగా ఉంటుంది. వానాకాలం కట్టెలు తడిసి పొగ వస్తుంది కదా, భార్య కళ్లలోకి పొగ పోకుండా కొబ్బరి చిప్పలతో పొయ్యి. పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. చలికాలం మిరియాల పొడి వేసిన చుర్రుమనే కూరలు, ముక్కు అదిరే ఆవ పచ్చళ్లు, వేడి నెయ్యి. ఎండాకాలం ముందు ఒంటికి చందనం, తర్వాత గోరువెచ్చని అన్నం, తియ్యని చారు, పలచని అంబలి, చెరకు రసం, కొబ్బరినీళ్లు, నీరు మజ్జిగ. రాజుగారు కవిత్వం రాశారా, డైట్ చార్ట్ రాశారా అనిపిస్తుంది.

గమనించారా? ఘాటు చలికాలానికే వచ్చింది. అదీ మిరియం, ఆవాల నుంచి. మిరపకాయ ఎక్కడా లేదు. అమెరికా ఖండాల్లో పుట్టిన ఆ పంట 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లతో పశ్చిమ తీరానికి చేరింది. మనం దానికి మిరియం పేరునే సాగదీసి మిరప అన్నాం. చైనాలో 1591 నాటి పుస్తకంలో దాన్ని ఫాన్ జియావో అన్నారు, అంటే పరదేశీ మిరియం. అప్పటికి వాళ్లకది కుండీలో పెంచుకునే అందమైన మొక్క. తర్వాత ఉప్పు దొరకని గుయ్‌జౌ కొండల్లో ఉప్పుకి బదులు తిన్నారు. తేమ ఎక్కువుండే సిచువాన్‌లో అయితే, ఒంట్లో చేరిన తేమని మిరప తరిమేస్తుందని నమ్మారు.

అంటే అదే కాయకి అక్కడ మందు పోస్ట్. ఇక్కడ? గుంటూరు కారం లేకుండా మనకి ముద్ద దిగదు, కానీ "కారం వేడిరా, మజ్జిగ తాగు" అని పక్కనే వార్నింగ్. కొత్త కాయ వచ్చి చలికాలం ఘాటుని పన్నెండు నెలలకీ పాకించేసింది. దాన్ని బ్యాలెన్స్ చేసే పని పాత వేసవి మెనూ మీద పడింది. ఆవకాయ అన్నం తర్వాత పెరుగన్నం రావడం నాకు అలాగే కనిపిస్తుంది.

సైన్స్ సంగతి. మిరపలోని క్యాప్సైసిన్ తగిలేది సుమారు 43 డిగ్రీల వేడిని పసిగట్టే నరాల రిసెప్టర్‌కే. దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. అందుకే నాలుక "వేడి" అంటే అబద్ధం కాదు. కాలుతోందనుకుని ఒళ్లు చెమట పట్టిస్తుంది. ఆ చెమట ఆరితేనే చల్లదనం. పొడిగాలి ఉన్న చోట ఆరుతుంది. మే నెల చీరాల ఉక్కపోతలో ఎక్కడ ఆరుతుంది? కాబట్టి "కారం తింటే ఒళ్లు చల్లబడుతుంది" అనే రీల్‌ని ఇక్కడ గుడ్డిగా నమ్మకండి.

ఇంకో విషయం, ఇది సీరియస్. 2015 మే వడగాలులకి ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. గుంట మగ్గంలో కూర్చునేవాళ్లు, మిరప చేలల్లో కూలీకి వెళ్లేవాళ్లు ఇంట్లో ఉంటే వినండి. నోటిపూతకి సబ్జా నీళ్లు, మజ్జిగ ట్రై చేయండి, నష్టం లేదు. కానీ ఎండలో పనిచేసిన మనిషి ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మగతగా ఉంటే అది "వేడి చేయడం" కాదు, వడదెబ్బ. థర్మామీటర్‌లో కూడా కనిపించే వేడి అది. నీడకి చేర్చి, ఒళ్లంతా తడిపి, విసరండి. స్పృహ లేకపోతే నోట్లో మజ్జిగ కాదు కదా, చుక్క నీళ్లు కూడా పోయొద్దు. ముందు 108కి ఫోన్ కొట్టండి.